మోకీలుకు పాచి పట్టకముందే

ఈ రెండు నెలల్లో ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో మోకీలు మార్పిడి గురించి అడిగినవే ఎక్కువగా ఉన్నాయి. ఆపరేషన్ ఎలా చేస్తారన్నది ఎవరూ అడగలేదు. లోపల చీము పడితే ఏమిటి గతి, పడకుండా ఏం చేయాలి అన్నదే అందరి భయం. అందుకని ఈసారి పేజీ మొత్తాన్ని ఆ ఒక్క విషయానికే కేటాయించి ఆరు ఉత్తరాలకు జవాబు రాస్తున్నాను. ఉత్తరాలను కొద్దిగా కుదించాను, పేర్లు తీసేశాను.

ప్రశ్న: మా అమ్మగారికి 66 ఏళ్ళు. పద్నాలుగేళ్ళుగా షుగరు ఉంది. మోకాళ్ళలో గుజ్జు పూర్తిగా అరిగిపోయిందని, ముందు కుడి మోకాలి చిప్ప మార్చాలని చెప్పి డాక్టరుగారు తేదీ కూడా ఇచ్చారు. మా తమ్ముడు నాలుగు వారాలు సెలవు పెట్టుకుని డాలస్ నుంచి వచ్చాడు. తీరా పరీక్షలన్నీ అయ్యాక, మూడు నెలల షుగరు 9.4 ఉందని, రెండు నెలల కిందట అదే మోకాలికి స్టెరాయిడ్ సూది వేయించుకున్నారని, ఒక పిప్పి పన్ను కూడా ఉందని చెప్పి ఆపరేషన్ మూడు నెలలు వాయిదా వేశారు. ఇన్సులిన్ ఇచ్చి రెండు రోజుల్లో షుగరు దించవచ్చు కదా, పంటికీ మోకాలికీ సంబంధం ఏమిటి అని ఇంట్లో అందరికీ కోపంగా ఉంది. బలమైన యాంటీబయాటిక్స్ ఇచ్చి వెంటనే ఆపరేషన్ చేసే మరో ఆసుపత్రికి వెళ్ళవచ్చా? (ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: వెళ్ళవద్దు. వాయిదా వేసిన డాక్టరుగారు మీ అమ్మగారికి మేలే చేశారు. కోపం చల్లారాక ఆయన దగ్గరికే వెళ్ళి, ఈ మూడు నెలల్లో ఏమేం చేయాలో కాగితం మీద రాయించుకోండి.

మీరు రాసిన 'బలమైన యాంటీబయాటిక్స్' అన్న మాట దగ్గరే చిక్కంతా ఉంది. మామూలుగా కండలోనో చర్మంలోనో సూక్ష్మజీవి చేరితే రక్తంలోని తెల్లకణాలు దాన్ని చుట్టుముడతాయి, వేసుకున్న మందు కూడా రక్తంతోపాటే అక్కడికి చేరుతుంది, వారం తిరిగేసరికి గొడవ సద్దుమణుగుతుంది. కొత్త మోకీలు అలాంటి చోటు కాదు. మనం వాడుకలో చిప్ప మార్చడం అంటాం గానీ, నిజానికి తొడ ఎముక చివరనూ కాలి ఎముక మొదటనూ అరిగిన భాగాన్ని చెక్కి, అక్కడ లోహపు తొడుగులు అమర్చి, రెంటి నడుమ పాలిథిలిన్ బిళ్ళ పెడతారు. ఆ లోహంలో రక్తం పారదు. దాని మీద వాలిన సూక్ష్మజీవి దగ్గరికి తెల్లకణం వెళ్ళడమూ కష్టమే, మందు వెళ్ళడమూ కష్టమే.

మీ ఇంటి నీళ్ళ సంపులో చేయి పెట్టి గోడను తడిమి చూడండి. వేళ్ళకు జిగటగా తగిలేదాన్ని పాచి అంటాం. ఎన్ని నీళ్ళు కుమ్మరించినా అది వదలదు, బ్రష్షు పెట్టి రుద్దితేనే వదులుతుంది. తెల్లవారి లేవగానే పళ్ళ మీద ఉండేదాన్నీ పాచి అనే అంటాం, నోరు పుక్కిలించినంత మాత్రాన అది పోదని పిల్లలకు కూడా తెలుసు. లోహం మీద చేరిన సూక్ష్మజీవులు చేసేదీ ఇదే. కొద్ది రోజుల్లోనే తమ చుట్టూ ఒక జిగురుపొర కట్టుకుని దాని చాటున కాపురం పెడతాయి, ఆ తర్వాత పైనుంచి ఎంత మందు పోసినా లోపలివి లోపలే బతుకుతాయి. వైద్యులు దీన్ని బయోఫిల్మ్ అంటారు గానీ, పాచి కంటే మంచి మాట నాకు కనిపించలేదు. పంటి పాచి, సంపులో పాచి, మోకీలు మీద పాచి మూడూ ఒక జాతివే.

దీనికి ఎన్ని సూక్ష్మజీవులు కావాలో చెప్పే పాత ప్రయోగం ఒకటి ఉంది. 1957లో ఎలెక్, కోనెన్ అనే ఇద్దరు పరిశోధకులు, తమంతట తాము ముందుకు వచ్చిన మనుషుల చర్మంలోకి స్టెఫిలోకాకస్ సూక్ష్మజీవులను ఎక్కించి చూశారు. ఉత్త చర్మంలో చీము పట్టడానికి అవి లక్షల్లో కావలసి వచ్చాయి. అదే చోట ఒక పట్టుదారపు కుట్టు ఉంటే కొన్ని వందలే సరిపోయాయి. ఒక్క దారప్పోగుకే ఇంత తేడా వస్తే, అంత లోహం సంగతి వేరే చెప్పనక్కరలేదు. అయినా మోకీలు మార్పించుకున్నవారిలో ఈ కష్టం వచ్చేది నూటికి ఒకరికో ఇద్దరికో మాత్రమే. షుగరు అదుపులో లేనివారికి ఆ ముప్పు ఎక్కువ.

ఇప్పుడు మీకు కోపం తెప్పించిన మూడు కారణాలు చూద్దాం. మూడు నెలల షుగరు అని మనం పిలిచే హెచ్‌బీఏ1సీ పరీక్ష, ఎర్రకణాలకు ఇన్నాళ్ళుగా ఎంత చక్కెర అంటిందో చెబుతుంది. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు కాబట్టి, రెండు రోజుల ఇన్సులిన్‌తో ఆ అంకె కదలదు. అంకె కదలడం కూడా అసలు సంగతి కాదు: చక్కెర ఎక్కువైన రక్తంలో తెల్లకణాలు మందగిస్తాయి, గాయం అతుక్కోవడం ఆలస్యమవుతుంది. చాలామంది సర్జన్లు ఈ అంకె 7.5కో, కనీసం 8కో దిగువన ఉండాలంటారు. ఆపరేషన్ రోజునా, ఆ తర్వాతి రోజుల్లోనూ రక్తంలో చక్కెర 200 మిల్లీగ్రాములు దాటకుండా చూసుకోవడం దీనికి అదనం. రెండవది స్టెరాయిడ్ సూది. అది వేసిన కీలులో రోగనిరోధక శక్తి కొన్నాళ్ళు అణగి ఉంటుంది, అందువల్ల ఆ సూదికీ ఆపరేషన్‌కూ మధ్య కనీసం మూడు నెలలు ఎడం ఉండాలి. నొప్పికి తాళలేక ఒక సూది, నెలలోనే ఆపరేషన్ అనుకునేవారు ఈ సంగతిని సర్జన్‌కు చెప్పకుండా దాచడం నేను చాలాసార్లు చూశాను, దయచేసి దాచకండి. మూడవది పిప్పి పన్ను. దాని వేరు దగ్గర చీము ఉంటే, నమిలినప్పుడల్లా కొన్ని సూక్ష్మజీవులు రక్తంలోకి జారుతూనే ఉంటాయి. ఉస్మానియా ఆసుపత్రికి దగ్గరలో, అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్యశాల ఉంది. లేదా మీ వీధిలోని దంతవైద్యుడి దగ్గరికైనా ఈ వారమే తీసుకెళ్ళండి. షుగరుకు కావలసింది మూడు నెలలే కాబట్టి మిగిలిన రెండూ ఆ గడువులోనే తీరిపోతాయి.

మీరు అడగకపోయినా, ఈ గడువులో ఆమె పాదాలను కూడా ఒకసారి దీపం వెలుగులో చూడండి. మడమల పగుళ్ళు, గోరుచుట్టు, వానకు నాని తెల్లబడిన వేళ్ళ సందులు, షుగరువల్ల మొద్దుబారిన అరికాలిలో ఆమెకే తెలియకుండా పడిన పుండు, ఇవన్నీ కాలి పైకి దారి తీసేవే. మూత్రంలో మంట, ఒంటి మీద సెగ్గడ్డ, కోసే చోట తామర లాంటిది ఉన్నా ముందే నయం చేసుకోవాలి. రక్తం తక్కువగా ఉంటే పెంచుకోవాలి. పొగతాగే అలవాటు ఉన్నవారు కనీసం నాలుగు వారాల ముందు మానాలి; ఇది మీ అమ్మగారికి కాకపోయినా మరో పాఠకుడికి పనికి వస్తుంది. కీళ్ళవాతానికి మందులు వాడుతున్నవారు వాటిని సొంతంగా ఆపకూడదు. మెథోట్రెక్సేట్‌ను సాధారణంగా కొనసాగిస్తారు. రోగనిరోధక శక్తిని అణిచే బయోలాజిక్ సూదులను మాత్రం ఆపరేషన్ తేదీకి తగ్గట్టు సర్దుతారు.

ఆపరేషన్ ముందురోజు రాత్రీ, ఆ ఉదయమూ ఒళ్ళంతా సబ్బుతో గానీ, ఆసుపత్రివారు ఇచ్చే క్లోర్‌హెక్సిడిన్ ద్రావణంతో గానీ శుభ్రంగా స్నానం చేసి ఉతికిన బట్టలు కట్టుకోవాలి. ఇంట్లో బ్లేడుతో కాలి వెంట్రుకలు గీయించవద్దు. నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో వార్డులో ముందురోజు రాత్రే తొడ నుంచి పాదం దాకా బ్లేడుతో గీసి, దాని మీద తెల్లగుడ్డ చుట్టి, మేమే ఎంతో శుభ్రం చేశామని మురిసిపోయేవాళ్ళం. ఆ గీతల్లో కంటికి కనిపించని కోతలు పడతాయని, తెల్లవారేసరికి వాటిలో సూక్ష్మజీవులు పిల్లలు పెడతాయని తర్వాత తెలిసింది. వెంట్రుకలు అడ్డమైతే ఇప్పుడు ఆపరేషన్‌కు కాస్త ముందు క్లిప్పరుతో కత్తిరిస్తారు, అడ్డం కాకపోతే వదిలేస్తారు. కొన్ని ఆసుపత్రుల్లో ముక్కు లోపలి నుంచి దూదిపుల్లతో నమూనా తీస్తారు, దానికి నవ్వుకోవద్దు. పది మందిలో ముగ్గురి ముక్కులో స్టెఫిలోకాకస్ ఆరియస్ హాయిగా కాపురముంటుంది, ఉన్నట్టు తేలితే ఐదు రోజులు ముక్కులో ముపిరోసిన్ ఆయింట్‌మెంట్ రాస్తారు.

ఇక యాంటీబయాటిక్. దాని బలం కంటే వేళ ముఖ్యం. సాధారణంగా వాడే సెఫజోలిన్ అయితే కోత పెట్టడానికి ముందు గంటలోపు రక్తంలోకి ఎక్కాలి. తొడకు పట్టీ బిగించి రక్తం ఆపేస్తారు కాబట్టి ఆ పట్టీ బిగించేలోపే ఎక్కాలి. ఆ తర్వాత ఒక రోజుకు మించి ఇచ్చినందువల్ల అదనపు లాభం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో విడుదల చేసిన మార్గదర్శకాలు, ఆపరేషన్ ముగిశాక ముందుజాగ్రత్త పేరుతో యాంటీబయాటిక్‌ను పొడిగించవద్దనే చెప్పాయి. 'ఫలానావారికి పది రోజులు మాత్రలు రాశారు, మాకు ఒక్కరోజే ఇచ్చారు' అని ఎవరైనా కంగారు పడితే, ఒక్కరోజు ఇచ్చినవారే సరిగ్గా చేశారని నా అభిప్రాయం.

మరో ఆసుపత్రి అన్నారు కాబట్టి ఒక మాట. నగరంలో హోర్డింగుల మీద 'లామినార్ ఫ్లో థియేటర్' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది, అంటే వడగట్టిన గాలి ఒకే దిశలో పారే ఆపరేషన్ గది. తుంటికీలు మార్పిడికి ఆద్యుడైన ఇంగ్లండ్ సర్జన్ జాన్ చార్న్‌లీ 1960లలో ఆపరేషన్ గదిలోని గాలిని వడగట్టే ఏర్పాటు చేసి, వేసుకునే గౌన్లనూ మార్చి, ఇన్ఫెక్షన్లను నూటికి ఏడు నుంచి ఒకటి దిగువకు తెచ్చిన మాట నిజమే. కానీ యాంటీబయాటిక్ సరైన వేళకు ఇస్తున్న ఈ కాలంలో ఆ గాలి వల్ల ప్రత్యేకించి లాభం కనిపించడం లేదని పైన చెప్పిన మార్గదర్శకాలే అన్నాయి. షుగరు 9.4 ఉన్నా రేపే చేస్తామనే థియేటర్ కంటే, మూడు నెలలు ఆగమనే థియేటర్‌ను నమ్మండి. మీ తమ్ముడు ఈ సెలవులో అమ్మగారి పళ్ళూ షుగరూ దగ్గరుండి చూసుకుంటే ఆయన రాక వృథా కాదు.

ప్రశ్న: నా భార్యకు 61 ఏళ్ళు. ఎడమ మోకీలు మార్చి ఈ రోజుకు తొమ్మిది రోజులు. నాలుగో రోజున ఇంటికి పంపారు. ఆరో రోజు నుంచి కట్టు కింది అంచు తడుస్తోంది. కొవ్వు కరిగి నీరు కారుతోంది, భయం లేదని పక్కింటివారు అన్నారు. మెడికల్ షాపులో చూపిస్తే ఐదు రోజులకు యాంటీబయాటిక్ మాత్రలు ఇచ్చారు, రెండు రోజులుగా వేస్తున్నాం. జ్వరం లేదు. కుట్లు విప్పే రోజు వరకు ఆగవచ్చా? (ఒక పాఠకుడు, కూకట్‌పల్లి)

జవాబు: ఆగకూడదు. పత్రిక అచ్చయ్యే దాకా మీరు ఆగకూడదని ఈ ఉత్తరానికి జవాబును వెంటనే విడిగా పంపించాం. అయినా ఇదే పరిస్థితిలో ఉన్న మరొకరి కోసం ఇక్కడ రాస్తున్నాను.

కుట్టిన గాయం నుంచి మొదటి రెండు మూడు రోజులు కాస్త నెత్తురో, రసో కారడం సహజమే. 72 గంటలు దాటినా కారుతూనే ఉంటే దాన్ని ఎవరూ సహజం అనుకోకూడదు. ఐదు నుంచి ఏడు రోజులకూ ఆగకపోతే థియేటర్‌లోకి తీసుకెళ్ళి గాయాన్ని తెరిచి కడిగి మళ్ళీ కుట్టడమే మంచిదని ఈ రంగంలోని నిపుణుల ఉమ్మడి అభిప్రాయం. లోపలి నీరు బయటికి వచ్చే దారే బయటి సూక్ష్మజీవి లోపలికి వెళ్ళే దారి. కారేది కొవ్వు నీరే కావచ్చు, లోపల గడ్డకట్టిన నెత్తురు కరిగి కారుతూ ఉండవచ్చు, రక్తం పలచబడటానికి ఇచ్చిన మందు కాస్త ఎక్కువై ఉండవచ్చు. అది ఏదైనా తలుపు తెరిచి ఉందన్న మాట నిజం. జ్వరం లేదన్నది ధైర్యం చెప్పే విషయం కాదు. మోకీలులో చీము పట్టినవారిలో ఎందరికో జ్వరమే రాదు.

యాంటీబయాటిక్ మాత్రలతో మరో ఇబ్బంది ఉంది. అవి తలుపు మూయవు. పైగా లోపల ఏ సూక్ష్మజీవి ఉందో తెలుసుకోవడానికి సూదితో నీరు తీసి కల్చర్ పరీక్షకు పంపినప్పుడు, సగం చచ్చిన సూక్ష్మజీవులు అక్కడ పెరగవు, ఫలితం 'ఏమీ లేదు' అని వస్తుంది. దొంగ ఇంట్లోనే ఉంటాడు, పోలీసులకు మాత్రం అడుగుజాడలు దొరకవు. చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మడం చట్టరీత్యా కూడా తప్పు. వాటిలో చాలావాటిని 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 అనే కట్టుదిట్టమైన మందుల జాబితా కింద పెట్టి ప్రత్యేక రిజిస్టరులో రాయాలన్నారు. షాపులో ఇచ్చిన స్ట్రిప్పును పారేయకుండా మీ సర్జన్‌కు చూపించండి, ఎన్ని మాత్రలు వేశారో చెప్పండి.

మా ఓపీకి ఒకామె వచ్చేది. చదువు రాదు గానీ, తన కట్టు మీద తడి ఎంత మేరకు పాకిందో ప్రతి పూటా బాల్‌పెన్నుతో గీత గీయించేది. మొదటి రోజు పావలా బిళ్ళంత, రెండో రోజు రూపాయి బిళ్ళంత, మూడో రోజు వెలగపండంత. ఆ మూడు గీతలు చూశాక నాకు వేరే పరీక్ష అవసరం కాలేదు. ఆ సాయంత్రమే గాయం కడిగాం, ఆమె మోకీలు ఇప్పటికీ పదిలంగా ఉంది. మీరు కట్టు ఎన్నిసార్లు మార్చారు, తడి ఎంత మేరకు ఉంది, రంగు ఏమిటి, వాసన ఉందా అన్నవి రాసి పెట్టుకోండి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి. వెళ్ళేలోపు మోకాలు వంచే వ్యాయామం ఆపండి. వంచినప్పుడల్లా గాయం నోరు తెరుస్తుంది. నెత్తురు పలచబడే మందును మాత్రం సర్జన్‌ను అడగకుండా మానవద్దు. ఇప్పుడు వెళితే గంటసేపటి పని, నెల తర్వాత వెళితే మోకీలే తీయాల్సిన పని. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడం అంటారే, అదే ఇది.

ప్రశ్న: మా అత్తగారికి ఆపరేషన్ అయి ఐదు రోజులైంది. గాయం చుట్టూ పసుపు, కొబ్బరినూనె రాస్తే త్వరగా మానుతుందని ఆడపడుచు పట్టుబడుతున్నారు. పలకరించడానికి రోజూ పది మంది వస్తున్నారు. స్నానం ఎప్పుడు చేయించాలి? (ఒక పాఠకురాలు, మెహిదీపట్నం)

జవాబు: వంటింటి డబ్బాలోని పసుపు కూరకు మంచిదే. అదే డబ్బాలో ఎన్ని చేతులు పడ్డాయో, ఎన్ని తడి చెంచాలు పడ్డాయో ఆలోచిస్తే కుట్ల మీదికి తీసుకురావాలనిపించదు. నూనె, విభూతి, వేపాకు ముద్ద, నొప్పి బామ్, కాపడం, ఇవేవీ గాయం దగ్గరికి రాకూడదు. ఆడపడుచుగారి మనసు నొప్పించకుండా ఆ నూనెను అత్తగారి మడమలకు రాయమనండి, నిజంగానే అక్కడ అవసరం.

కట్టు తడవనిది అయితే, మీ సర్జన్ సరే అన్నాక, కుర్చీలో కూర్చోబెట్టి స్నానం చేయించవచ్చు. మామూలు గాజుగుడ్డ కట్టు అయితే కుట్లో పిన్నులో తీసే దాకా, అంటే సుమారు 12 నుంచి 14 రోజుల దాకా, తడిగుడ్డతో ఒళ్ళు తుడవడమే మేలు. షుగరు ఉన్నవారికి ఇంకొన్ని రోజులు పట్టవచ్చు. కుట్లు తీశాక కూడా గాయం పూర్తిగా ఆరి పొక్కులు రాలేదాకా తొట్టెలోనో చెరువులోనో కాలు ముంచకూడదు. కట్టును ఊరికే విప్పి చూడటం మంచి అలవాటు కాదు. విప్పాల్సి వస్తే విప్పేవారు ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టును కూడా మొహమాటం లేకుండా చేతులు కడుక్కోమనండి.

పలకరింపులను మాన్పించడం మన ఊళ్ళో ఎవరి తరమూ కాదు. వచ్చినవారికి మంచం మీద కాకుండా కుర్చీ వేయండి, జలుబు, దగ్గు, సెగ్గడ్డలు ఉన్నవారిని ఫోన్‌లోనే పలకరించమనండి.

ప్రశ్న: మోకీలు మార్చి మూడు నెలలైంది. నడక బాగుంది, గాయం ఆరిపోయింది. కానీ రెండో మోకాలితో పోలిస్తే ఇది ముట్టుకుంటే వెచ్చగా ఉంటోంది. ఇన్ఫెక్షనేమో అని నిద్ర పట్టడం లేదు. (ఒక పాఠకుడు, అల్వాల్)

జవాబు: నిద్రపోండి. నయమవుతున్న మోకీలు ఆరు నెలల దాకా, కొందరిలో ఇంకా ఎక్కువ కాలం కాస్త వెచ్చగా, సాయంత్రానికి కాస్త వాపుగా ఉండటం మామూలే. చూడాల్సింది అది పోతున్న దారి: వారం వారం తగ్గుతూ ఉంటే మంచిది. తగ్గిన నొప్పి మళ్ళీ మొదలైనా, రాత్రి పడుకున్నప్పుడూ నొప్పి వేధించినా, వంగుతున్న మోకాలు వంగనని మొరాయించినా, ఎరుపు పాకినా, ఆరిన గాయంలో చిన్న రంధ్రం పడి రసి కారినా వెంటనే చూపించుకోవాలి. అప్పుడు ఒంట్లో వాపు ఎంత ఉందో చూపే ఈఎస్ఆర్, సీఆర్‌పీ అనే రక్తపరీక్షలు చేస్తారు. ఆపరేషన్ అయిన రెండు మూడు రోజులకు సీఆర్‌పీ బాగా పెరిగి, సాధారణంగా ఆరు వారాలకల్లా దిగుతుంది కాబట్టి, మూడు నెలలకూ దిగకపోతే ఆరా తీయాలి.

ప్రశ్న: నాకు 70 ఏళ్ళు, విశ్రాంత ఉపాధ్యాయురాలిని. రెండు మోకీళ్ళూ మార్చి మూడేళ్ళు దాటింది. ఇప్పుడు పన్ను తీయించుకోవాలి. మీ కీళ్ళ డాక్టరు యాంటీబయాటిక్ రాసి ఇస్తేనే తీస్తానని దంతవైద్యుడు అంటున్నారు. అవసరం లేదని కీళ్ళ డాక్టరు అంటున్నారు. ఎవరి మాట వినాలి? (ఒక పాఠకురాలు, తార్నాక)

జవాబు: ఇద్దరూ తమ తమ కాలంలో నేర్చుకున్నదే చెబుతున్నారు. మోకీలు మార్చిన వారందరికీ పంటి పనికి ముందు యాంటీబయాటిక్ ఇవ్వడం ఒకప్పుడు ఆనవాయితీ, తర్వాత మొదటి రెండేళ్ళ వరకే అన్నారు. 2015లో అమెరికా దంతవైద్యుల సంఘం, కృత్రిమ కీలు ఉన్నంత మాత్రాన మందు ఇవ్వనవసరం లేదని చెప్పింది. పళ్ళు తోముకున్నప్పుడూ నమిలినప్పుడూ కూడా సూక్ష్మజీవులు రక్తంలోకి వెళుతూనే ఉంటాయి. ఏడాదికి ఒకసారి వేసే ఒక డోసు మిగిలిన మూడు వందల అరవై నాలుగు రోజులను కాపాడలేదు. షుగరు అదుపులో లేకపోయినా, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నా, ఆ కీలులో ఇంతకుముందు ఇన్ఫెక్షన్ వచ్చి ఉన్నా మాత్రం సంగతి వేరు, అప్పుడు ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని నిర్ణయించాలి. మీరు అలాంటివేవీ రాయలేదు కాబట్టి మీ కీళ్ళ డాక్టరు మాటతో నేను ఏకీభవిస్తాను. ఆయనతో రెండు వాక్యాల చీటీ రాయించి దంతవైద్యుడికి ఇస్తే చాలు.

అయితే పన్ను తీయించడాన్ని వాయిదా వేయకండి. కొత్తగా మోకీలు మార్చినవారు అత్యవసరం కాని పంటి పనులను మూడు నెలలు ఆపుకోవాలి గానీ, చిగురు వాచి చీము పడితే మొదటి వారమైనా సరే ఆపుకోకూడదు. ఆరు నెలలకోసారి గార తీయించుకోవడం ఏ మాత్ర కంటే కూడా నయం. మరొకటి: మోకాలు ఎప్పుడైనా పట్టేసినట్టు ఉంటే, గుజ్జు సూదనో నొప్పి సూదనో మార్చిన మోకీలులోకి ఎవరినీ సూది గుచ్చనివ్వకండి. చర్మానికి చిన్న గాట్లు పెట్టి రక్తం లాగే హిజామా కోతలూ ఆ చోట వద్దు.

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్ళు. ఆరేళ్ళ కిందట మోకీలు మార్చారు, ఇన్నాళ్ళూ ఏ ఇబ్బందీ లేదు. బోనాలప్పుడు వానలో చెప్పులు లేకుండా తిరిగి, కాలి బొటనవేలికి దెబ్బ తగిలి చీము పట్టింది. రెండు వారాలకు ఉన్నట్టుండి చలిజ్వరం వచ్చి మోకాలు బూరెలా వాచింది. దగ్గరి క్లినిక్‌లో మూడు రోజులు సూదులు వేశాక జ్వరం తగ్గింది గానీ వాపు తగ్గలేదు. ఇప్పటికి తొమ్మిది రోజులు. ఆసుపత్రిలో మళ్ళీ ఆపరేషన్ అంటున్నారు. ఆరేళ్ళ కిందటి ఆపరేషన్‌లోనే తప్పు జరిగిందా? (ఒక పాఠకుడు, మలక్‌పేట)

జవాబు: ఆ ఆపరేషన్‌లో తప్పు లేదు. ఆరేళ్ళు హాయిగా నడిచిన మోకీలు ఒక్క రాత్రిలో వాచిందంటే, బొటనవేలి చీములోని సూక్ష్మజీవి రక్తం వెంట ప్రయాణించి లోహం మీద వాలిందని అర్థం. మోకీలు పెట్టించుకున్నవారికి ఈ ముప్పు ఎన్నేళ్ళయినా పూర్తిగా పోదు. ముళ్ళు గుచ్చుకున్నా, గోరుచుట్టు వచ్చినా, మూత్రంలో మంట వచ్చినా 'చిన్నదే కదా' అనుకోకుండా ఆ రోజే చూపించుకోవాలని అందుకే చెబుతాం. వానాకాలంలో మన వీధుల్లో నిలిచే నీళ్ళ గురించి మలక్‌పేటవారికి నేను చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మీ నాన్నగారి విషయంలో రోజులు లెక్కపెట్టాలి. లక్షణాలు మొదలై మూడు నాలుగు వారాలు దాటకపోతే, పాచి ఇంకా ముదరలేదన్న ఆశతో, మోకాలు తెరిచి, చెడిన కండను గీకి, బాగా కడిగి, నడుమ ఉన్న పాలిథిలిన్ బిళ్ళను మాత్రం మార్చి, లోహపు తొడుగులను అలాగే ఉంచి చూస్తారు. ఆ తర్వాత వారాల తరబడి యాంటీబయాటిక్స్ ఇస్తారు. ఇది అందరిలోనూ ఫలించదు, కానీ ఎంత తొందరగా చేస్తే అంత ఆశ ఉంటుంది. ఆ గడువు దాటితేనో, ఇది ఫలించకపోతేనో తొడుగులన్నీ తీసేసి, యాంటీబయాటిక్ కలిపిన ఎముకల సిమెంటు దిమ్మను తాత్కాలికంగా పెట్టి, సుమారు ఆరు వారాలు మందు ఇచ్చి, లోపల శుభ్రమైందని తేలాక మరో మోకీలు అమరుస్తారు. సిమెంటులో యాంటీబయాటిక్ కలపడం 1970 ప్రాంతంలో జర్మనీలోని హాంబర్గ్‌లో బుఖోల్జ్ మొదలుపెట్టిన పద్ధతి. రెండు పెద్ద ఆపరేషన్లు, నెలల తరబడి మంచం, లక్షల్లో ఖర్చు కాబట్టి మొదటి దారికి అవకాశం ఉన్నప్పుడే వాడుకోవాలి.

జ్వరం తగ్గింది కాబట్టి మరో వారం చూద్దామని అనుకోకండి. మోకీలులోంచి నీరు తీసి, తెల్లకణాల లెక్కకూ కల్చర్‌కూ పంపారా అని అడగండి. కల్చర్‌ను రెండు రోజులకే ముగించకుండా 14 రోజుల దాకా ఉంచమని కోరండి, మందకొడిగా పెరిగే జాతులు ఆలస్యంగా బయటపడతాయి. క్లినిక్‌లో వేసిన సూదుల పేర్లు రాయించుకుని తీసుకెళ్ళండి.

ఇంకొక పని మీరు ఈ రాత్రికే చేయవచ్చు. ఆరేళ్ళ కిందటి ఆసుపత్రి ఫైలు అటక మీదో బీరువాలోనో ఉంటుంది. అందులో ఆపరేషన్ కాగితానికి అంటించిన చిన్న స్టిక్కర్లు కనిపిస్తాయి, వాటి మీద తొడుగుల కంపెనీ పేరు, సైజు, లాట్ నంబరు ఉంటాయి. బిళ్ళ మాత్రం మార్చాలంటే ఆ సైజుకు సరిగ్గా సరిపోయేది తెప్పించాలి. ఆ కాగితం లేక ఒక రోజంతా ఫోన్లు తిప్పిన కుటుంబాలను నేను చూశాను. దాన్ని ఫొటో తీసి ఇప్పుడే మీ సర్జన్‌కు పంపండి.